ఏనుగు యాడుండాది?

“యానై ఎంగేమ్మా?” ప్రియంక మూడోసారి అడిగింది.

తమిళనాడులో తిరుత్తణి సర్కారు ఆసుపత్రి. బల్ల మీద ఏనుగు, కోడి, బస్సు, చెంబు బొమ్మలున్న అట్ట పరిచి ఉంది. ఏనుగు ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, దాని పేరు చెబితే చాలు. నాలుగో ఏడు నడుస్తున్న మధుమిత చూపించనూ లేదు, చెప్పనూ లేదు. పెదాలు రెండూ బిగించి వాళ్ళమ్మ ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

దేవకి ప్రాణం చచ్చిపోయింది. వెనక బెంచీ మీద వరసగా తల్లులు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. ఇందాక పరీక్ష ముగించుకుని లేచి వెళ్ళిన పిల్ల అడక్కుండానే తమిళ పాట కూడా పాడి అందరిచేతా చప్పట్లు కొట్టించుకుంది. పొద్దున ఆర్.కె.పేట నుంచి తిరుత్తణి దాకా బస్సులో ఈ మధుమిత నోరు మూయించలేక దేవకికి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా నోరు తెరవాల్సిన చోట ఇదిగో, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

“ఇంట్లో ఏం మాట్లాడతారు?” ప్రియంక తమిళంలోనే అడిగింది. పిల్లలు వయసుకు తగ్గట్టు ఎదుగుతున్నారా లేదా అని చూడడానికి తిరువళ్ళూరు నుంచి వచ్చిన మనిషి. గొంతులో విసుగు లేదు.

“తమిళ్ దాన్ మేడమ్,” తమిళమేనంది దేవకి.

తడుముకోలేదు. ఆ జవాబును మాత్రం ఇంటి దగ్గరే ఉతికి ఆరేసి తెచ్చుకుంది. నిజానికి పిల్ల పొద్దస్తమానం నాయనమ్మ చెంగమ్మ దగ్గరే ఉంటుంది. ఆ ఇద్దరి మధ్య తమిళం ముక్క దొర్లదు. అయినా ఇంతమంది ఎదుట ఆ మాట ఎట్లా చెబుతుంది? పట్టుచీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని వచ్చింది ఎందుకు మరి, తెలుగు తప్ప రాని పల్లెటూరి మనిషి అనిపించుకోవడానికా?

ప్రియంక కాగితం ముందుకు లాక్కుంది. అందులో నడక గడికి టిక్కు పడింది. చేతిపని గడికి టిక్కు పడింది. మాట గడి దగ్గర పెన్ను ఆగింది. అక్కడ తప్పు గుర్తు పడితే తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. చీటీ చేతికొస్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది, దేవకి కూతురికేదో లోపముందని.

“ఈ వయసుకు మాటలు రావాలమ్మా,” అంది ప్రియంక. “చీటీ రాస్తాను. భయపడకండి.”

“ఆగండి మేడమ్,” దేవకి కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. “అబద్ధం చెప్పినా. ఇంట్లో తెలుగే. అంతా తెలుగే. పాపకు తమిళం రాదు.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. దేవకికి తల కొట్టేసినట్టయింది.

“ముందే చెప్పుంటే సరిపోయేది కదమ్మా, అందులో తప్పేముంది?” అని ప్రియంక పెన్ను పక్కన పెట్టి ఆయాను కేకేసింది. ఆయా సరసమ్మది పెరియపాళయం వైపు, వాళ్ళింట్లోనూ తెలుగే. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పిల్ల పక్కన కూర్చుంది.

“పాపా, ఏనుగు యాడుండాది? చూపీ.”

మధుమిత వేలు టక్కున ఏనుగు మీద పడింది. కోడి, బస్సు, చెంబు, ఏదడిగినా వేలు తప్పలేదు. దేవకికి ఊపిరొచ్చింది.

“శభాష్. మరి దీని పేరేందో చెప్పు నాయనా.”

వేలు ఏనుగు మీదే ఉంది, నోరు మాత్రం తెరుచుకోలేదు. సరసమ్మ బతిమాలింది, బిస్కెట్ ఆశ చూపింది, చంకలో చక్కిలిగిలి పెట్టింది. మధుమిత మెలికలు తిరిగిపోతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు కూడా చప్పుడు లేదు.

“వినబడుతోంది, అర్థమూ అవుతోంది,” ప్రియంక నెమ్మదిగా అంది. “మాటే రావడం లేదు. ఇది డాక్టరుకు చూపించాల్సిందే.”

“ఇంట్లో ఆగకుండా మాట్లాడుతుంది మేడమ్. ఒట్టు.”

“ఇందాక తమిళమన్నారు. ఇప్పుడు ఆగకుండా మాట్లాడుతుందంటున్నారు. నేను కళ్ళతో చూసిందే రాయాలి కదమ్మా.”

నిజం చెప్పినా నమ్మే మనిషి లేకుండా చేసుకుంది తనే. ఇందాక పిల్లను చూసి సిగ్గుపడింది, ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. చీర నలిగిపోతుందని కూడా చూసుకోకుండా పిల్ల ముందు నేల మీద చతికిలబడి, బెంచీ మీది తల్లులందరికీ వినబడేలా తెలుగులో అంది.

“మధూ, నా బంగారు గదా. ఒక్క మాట మాట్లాడమ్మా. మన మాటలోనే.”

మధుమిత ప్రియంకను చూసింది. సరసమ్మను చూసింది. బెంచీ మీది ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది. అప్పుడు అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, చెవికి నోరు ఆనించి గుసగుసగా మాట్లాడింది. చిన్నపిల్లల గుసగుస కాబట్టి గదంతా వినబడింది.

“నేను నోరు తెరిస్తే నీకు సిగ్గని బస్సులో చెప్పినావు గదమ్మా. నేను ఏనుగు అని కూడా అనలే. ఇప్పుడు నీకు సిగ్గుగా లేదు గదా?”