బెరడు మీద గోరు

నర్సరీ మూలన ఎవరూ పట్టించుకోని జునిపర్ మొక్కను మా అక్క బోన్సాయ్ చేద్దామని ఏరి తెచ్చింది. బోన్సాయ్ చేసేవాళ్లు వేళ్లు ఒక ఏడు, కొమ్మలు మరో ఏడు కత్తిరిస్తారు. మా బావ పాలు కాగకముందే దింపే రకం, రెండూ ఒకే పూట కానిచ్చాడు.

"చంపేశారుగా, మహానుభావా!" అంది అక్క.

"కళ్లజోడు పెట్టుకుని చూడవే. పచ్చగా లేదూ?"

"జునిపర్ చచ్చినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. గోటితో బెరడు గీరండి, లోపల పచ్చి ఉందో లేదో తెలుస్తుంది."

"రేపు చూద్దాంలే."

రోజూ ఇదే తగువు. విసుగొచ్చి నేనే బెరడు మీద గోరు ఆనించాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దురా. చచ్చిందని తేలితే మీ అక్క ఇంక దేనికొస్తుంది?"

అక్క చనిపోయేనాటికి ఆ మొక్క ఇంకా నర్సరీ సంచిలోనే ఉంది. దానికి కత్తెర తగిలింది ఆ తరువాతే.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇద్దరూ పిరికిపందలే," అంది అక్క, నా భుజం వెనక నుంచి.