కమిటీ వేసిన మొదటి శిక్ష

“కొట్టాడా, చెయ్యి చేసుకున్నాడా? రెండింటికీ వేరు వేరు ఫారాలున్నాయి,” అన్నాడు కార్యదర్శి, కలం మూత తీస్తూ.

“రెండూ ఒకటే కదా బాబూ,” అంది మిషనమ్మ. బజారు మలుపులో కుట్టు మిషను పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా ఊరి బట్టలు కుడుతున్న ఆమెకు జనం పెట్టిన పేరు అది.

“కొడితే తెల్ల ఫారం. చెయ్యి చేసుకుంటే పచ్చ ఫారం.”

“ఏది తొందరగా తెములుతుందో అదే ఇవ్వండి.”

బల్లకు అవతల మాస్టారు గొంతు సవరించుకున్నారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆయన, పోలీసుల మీద జనం ఇచ్చే ఫిర్యాదులు విచారించే పౌర కమిటీకి అధ్యక్షుడయ్యారు. మిగతా ఇద్దరు సభ్యులూ మొదటి రోజు ఫొటోకి వచ్చినవాళ్ళే, మళ్ళీ గడప తొక్కలేదు. కార్యదర్శిని పోలీసు శాఖే అరువిచ్చింది. మూడేళ్ళలో రెండు వందల పన్నెండు ఫిర్యాదులొచ్చాయి, శిక్ష మాత్రం ఒక్కడికీ పడలేదు. ఈ నెలాఖరు నివేదికలో ఒక్క శిక్షయినా కనబడకపోతే కమిటీని ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది. అప్పట్నుంచీ మాస్టారికి కంటి మీద కునుకు లేదు. కమిటీ పోతే కారు పోతుంది, తలుపు మీది పేరు పలక పోతుంది, ఇంట్లో ఆవిడ మళ్ళీ సంచీ చేతికిచ్చి కూరలకు పంపుతుంది.

“నీకేం కావాలో చెప్పమ్మా,” అన్నారు.

“వాణ్ణి ఈ ఊళ్ళో ఉంచకండి బాబూ. ఇంకేం వద్దు నాకు.”

“సాక్షులున్నారా?” అడిగాడు కార్యదర్శి.

“సాక్షులెందుకు? వాణ్ణే అడగండి. పిలిపించారుగా, వరండాలో ఉన్నాడు.”

కార్యదర్శి నవ్వాడు. “వరండాలో సైకిల్ మెకానిక్ కూడా ఉన్నాడు, చూశావా? ఠాణాలో వేళ్ళు విరిచారని ఏడోసారి తిరుగుతున్నాడు. విరిచినాయనేమో నేను విరవలేదని రాసిచ్చాడు. కొట్టినవాడు ఒప్పుకోకుండా కొట్టినట్టు ఎలా రుజువవుతుంది?”

కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. ముప్ఫై దాటిన బక్కపల్చటి మనిషి. గోడ వారగా తల దించుకు నిలబడ్డాడు.

“ఈవిడ మీద చెయ్యి చేసుకున్నావా?”

“చేసుకున్నానండి.”

కార్యదర్శి చేతిలో కలం జారి కింద పడింది. మూడేళ్ళుగా ఆ గదిలో ఏ పోలీసు నోటా రాని మాట అది. మాస్టారు తన చెవులను తానే నమ్మలేక మరోసారి అడిగారు. కానిస్టేబుల్ మరోసారి ఒప్పుకున్నాడు.

“ఎందుకు కొట్టావు?”

“మిషను రోడ్డు మీదకు జరిపిందని కోపమొచ్చిందండి.”

“ఒకటి కాదు, రెండేశాడు,” అంది మిషనమ్మ. “గోడకు ఆనుకోకు. తిన్నగా నిలబడి చెప్పు.”

అతను తిన్నగా నిలబడ్డాడు. పెదవులు వణికాయి. పశ్చాత్తాపమంటే ఇలా ఉంటుందన్నమాట అనుకున్నారు మాస్టారు. పోలీసును నిలబెట్టి గదమాయించిన ఆమె గుండె ధైర్యానికి ఆయనకు ముచ్చటేసింది, హుషారూ పుట్టుకొచ్చింది.

“ఇలాంటివాడు ఉద్యోగంలో ఉండటానికి వీల్లేదు. పీకెయ్యమని రాస్తాను.”

మిషనమ్మ ముఖం పాలిపోయింది. “అంతొద్దు బాబూ. నా మూలంగా ఒకరి నోటి దగ్గర కూడు పోకూడదు. ఊరు మార్చండి, చాలు.”

ఎంత మంచి మనసు అనుకున్నారు మాస్టారు. నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

కార్యదర్శి ఆయన చెవి దగ్గరికి వంగాడు. “పీకే అధికారం మనకెలాగూ లేదు సార్. బదిలీ అయితే చేయించొచ్చు. మా శాఖలో ఎవరైనా తమంతట తాము బదిలీ అడిగితే నాలుగేళ్ళయినా ఉలుకూ పలుకూ ఉండదు. కమిటీ వేసిన శిక్ష అంటే మాత్రం గంటలో ఉత్తర్వు.”

“ఖాళీలెక్కడున్నాయి?”

“అడవి అంచున ఒకటి, రేవులో ఒకటి.”

“అడవే రాయి.”

“అడవిలో చల్లగా, హాయిగా ఉంటాడు బాబూ,” అంది మిషనమ్మ గబుక్కున. “రేవులో అయితే ఉప్పుగాలికి ఒళ్ళు మండుతుందట, దోమలు పీక్కుతింటాయట. అలాంటి చోటయితేనే బుద్ధొస్తుంది.”

శిక్ష గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన ఫిర్యాదీని మాస్టారు ఎన్నడూ చూడలేదు. రేవు అని రాయించి, సంతకం పెట్టి, కింద రెండు గీతలు గీశారు. కార్యదర్శి చెప్పినట్టే గంటలో ఉత్తర్వు వచ్చింది. కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టి కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు. మిషనమ్మ దణ్ణం పెట్టి, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ బయటికి నడిచింది.

మాస్టారు వరండాలోకి వచ్చారు. “చూశావా?” అన్నారు సైకిల్ మెకానిక్‌తో. “ఒప్పుకుంటే న్యాయం ఎంత తొందరగా జరుగుతుందో.”

“నన్ను కొట్టినాయన్ని కూడా ఒప్పుకోమని చెప్పండి సార్,” అన్నాడతను, వంకరపోయిన వేళ్ళతో కాగితాలు సర్దుకుంటూ.

“అది ఆయన ఇష్టం. మనం బలవంతపెట్టకూడదు. వచ్చే నెల కనబడు.”

అలా అంటూనే ఆయన గేటు వైపు చూశారు. గేటు బయట కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. మిషనమ్మ నేరుగా అతని వైపే వెళుతోంది. ఊరు మార్పించిందన్న కక్షతో ఈ ముసలిదాన్ని ఏం చేస్తాడో ఏమో. కమిటీ చేసిన ఒకే ఒక్క మంచి పని ఆ గేటు దగ్గరే మట్టికొట్టుకుపోతుందని భయపడి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు. కానిస్టేబుల్ చెయ్యెత్తడం కనిపించింది. మాస్టారు వగరుస్తూ గేటు చేరేసరికి ఆ చెయ్యి ఆమె భుజం చుట్టూ ఉంది, ఆమె నవ్వుతోంది.

“రేవుకే వేశారని కోడలికి ఫోన్ చెయ్యరా.”