సగం గూటికి తడిమట్టి

వాగు ఒడ్డున ఈతచెట్టు మీద గిజిగాళ్లు కాపురముండేవి. గూడు గాలికి ఎగిరిపోకుండా లోపల తడిమట్టి మెత్తుకోవడం వాటి అలవాటు. కుర్రపిట్ట గూడు కడితే పెద్దలంతా తలా కాస్త మట్టి తెచ్చి దీవించేవారు. కాకపోతే గూడు పూర్తయ్యాకే. ఈలోగా సగం గూళ్లు గాలికి పోయేవి. కట్టినవాళ్లు దూరపు చెరువుకు వలస పోయేవారు.

ఒక ఏడు చిట్టెబ్బాయి అనే కుర్రపిట్ట గూడు రెండుసార్లు తెగిపడింది. మూడోది సగంలో ఉంది.

"ఇదీ పడితే నేనూ చెరువుకే పోతానత్తా," అన్నాడు.

సూరమ్మత్త వాగుకు పోయి మట్టి తెచ్చి, ఆ సగం గూట్లో మెత్తింది.

"గూడా అది, ఉయ్యాలా? నీ మట్టి వాగుపాలే," అని నవ్వాడు పెద్దాయన బంగారయ్య.

"పోతే పోనీండి బావగారూ, వాగులో మట్టికి కరువా? మీ మొదటి గూడు ఇంతకన్నా వంకరగా ఉండేది. కప్పు వేయకముందే మా అమ్మ మట్టి పెట్టింది. మీరు మరిచారేమో, నాకు గుర్తుంది."

బంగారయ్య రెక్కలు సర్దుకున్నాడు. కాసేపటికి ముక్కున మట్టితో వచ్చి, "కొంచెం జరగమ్మా," అన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ వచ్చారు.

సాయంత్రం పెద్దగాలి వీచింది. గూడు ఊగింది గానీ పడలేదు.

దేవుడి దయవల్ల మరుసటి వానాకాలానికి చెట్టు మీద ఖాళీ మట్ట లేదు. గూళ్లన్నీ నిలిచాయని కాదు, కొన్ని పడ్డాయి. కట్టినవాళ్లు అక్కడే మళ్లీ మొదలుపెట్టారు. చెరువుకు పోయినవాళ్లూ తిరిగొచ్చారు.

ఒక కుర్రపిట్ట మొదటి ముడి వేస్తోందని తెలిసి చిట్టెబ్బాయి మట్టితో పరుగెత్తాడు. అప్పటికే బంగారయ్య అక్కడ కూర్చుని ఉన్నాడు.

"నా వెనక నిలబడవోయ్," అన్నాడు, ముక్కునిండా మట్టితో.