జారని ముడి

“నేను కట్ట! మాల్‌ల కొన్నవ్ గద, మాల్‌కే పోయి కట్టిచ్చుకో.”

నాగేందర్ అట్టపెట్టెను కాలితో గుమ్మం దాకా నెట్టాడు. హన్మాండ్లు బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. మూడేళ్ళ తర్వాత చుట్టీ దొరికి, మర్నాడు ఊరికి పోతున్నాడతను. ఖమీస్ ముషైత్ అనే ఈ అరబ్బు పట్టణంలోని పాత బజారుకు, సూక్‌కు, ఈ పెట్టె కట్టించుకోవడానికే టాక్సీలో వచ్చాడు.

“గట్ల కోపం జేస్తే ఎట్లనే అన్నా? ఏర్‌పోర్టుల పెట్టెలు ఎత్తెత్తి ఏస్తరు. వేరేటోళ్ళు కడితే నడిమిట్లనే ఊడిపోతది. నువ్వు కట్టినవంటే ఇంటికాడ కత్తితోని కోసేదాక జారది.”

“ఓహో! నా ముడి గావాలె, నా దుకాణం మాత్రం వద్దు!”

సిరిసిల్లలో మరమగ్గాల మీద తెగిన పోగులు అతికిన వేళ్ళు నాగేందర్‌వి. తన దగ్గర సామాను కొన్నవాళ్ళకు పెట్టె ఊరికే కట్టి, నాలుగు వైపులా పేరు, ఊరు రాసి ఇచ్చేవాడు. ఎన్ని పెట్టెలు కట్టాడో అతనికే లెక్క తెలియదు. ఈ నెలలో మాత్రం ఒక్కటి కూడా కట్టలేదు. ఇన్నాళ్ళకు వచ్చిన ఒక్క పెట్టే మాల్ సామానుతో నిండి వచ్చింది. కడుపు మండదా మరి!

నాగేందర్ అతని చెయ్యి పట్టుకుని వీధిలోకి లాగాడు.

“సూడు. మంచిగ సూడు. గది ఇష్తియాక్ దర్జీ దుకాణం. బందయింది. ముల్తాన్ ఎల్లిపోయిండు. గది అత్తరు దుకాణం. అది బందు. ఆ పక్కపొంటి ఐదు షట్టర్లు, అన్నిటికీ తాళాలే. ఎవలు మూసిండ్రు ఇవన్ని? మీరే! ఏసీ గాలికి, ఎస్కలేటర్ ఎక్కి ఫోటోలు దిగేటందుకు ఉరికి ఉరికి పోతిరి. నీ కాడ పైసలు లేనప్పుడు సామాన్ ఉద్దెర ఇచ్చింది ఆ మాల్ దుకాణపోడా, నేనా?”

“నువ్వేనే.”

“మల్ల సిగ్గుండాలె!”

హన్మాండ్లు తల వంచుకున్నాడు. నాగేందర్ విసురుగా లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కోపంలోనూ అతని చేతులు ఊరుకోలేదు. ఒళ్ళో ఉన్న బ్లాంకెట్ సంచికి పచ్చతాడుతో పిడి వేస్తున్నాయి. కంపెనీ పెట్టిన ప్లాస్టిక్ పిడి ఆ బరువుకు పుటుక్కున తెగుతుంది. అందుకే తన దుకాణంలో ప్రతి బ్లాంకెట్‌కూ ముందే తాడు పిడి కట్టి, చివర్లు లైటర్‌తో కాల్చి పెడతాడు. కొనేవాడే లేకపోయినా ఆ అలవాటు పోలేదు.

“నెలాఖరుకు ఈ షట్టర్ గూడ పడ్తది,” అన్నాడు తాడు బిగిస్తూ. “ఈ దుకాణం పెట్టి నాకు వీసా ఇచ్చిన కఫీల్ చెప్పేసిండు. బేరం కాకుంటే దుకాణం బందు, నాకు ఎగ్జిట్. యాభై రెండేండ్లోనికి మల్ల వీసా ఎవడిస్తడు? పోయిన నెల నలభై బ్లాంకెట్లు పికప్‌ల ఏస్కపోయిండు. ఎవలూ కొంటలేరు, కంపెనీకి వాపస్ ఇస్తున్న అన్నడు. నా చేతులతోనే బండికెత్తిన. ఆయన మొకం సూడనీకి సిగ్గయింది. మీ అసుంటోళ్ళ వల్లనే!”

“మొదలు నీ కాడికే వద్దామనుకున్న అన్నా, ఒట్టు,” అన్నాడు హన్మాండ్లు. “సబ్బులకని మాల్‌కు పోతే ఆడ ఎస్కలేటర్ పక్కన బ్లాంకెట్ల కొత్త దుకాణం పడ్డది. పాత సూక్‌ల అన్నీ ముక్కిపోయిన బ్లాంకెట్లు, అటు పోకుండ్రి అని ఆ దుకాణపాయన అందరికీ చెప్తున్నడు.”

నాగేందర్ దిగ్గున లేచాడు. స్టూలు కింద పడింది.

“ముక్కిపోయినయా? ఎవడాడు? నెలకోసారి ఎండకేసి దులుపుతనురా నేను! తియ్యి, వాని సక్కదనం ఏందో నేను గూడ సూస్త!”

హన్మాండ్లు వద్దంటున్నా వినలేదు. పెట్టె మీది టేపు కోసి, సబ్బులూ పాలపొడి డబ్బాలూ అటూ ఇటూ విసిరి, అడుగున ఉన్న బ్లాంకెట్లలో ఒకదాన్ని బయటికి లాగాడు.

సంచికి పచ్చతాడు పిడి ఉంది.

“దీనికి గీ పిడి ఎవలు ఏసిండ్రు?”

“ఆడ అన్నిటికీ గట్లనే ఉన్నయే. పట్టుకుంటే మంచిగుందని రెండు తీసుకున్న. ఏమైందన్నా?”

నాగేందర్ ఇప్పుడే తను పిడి వేసిన బ్లాంకెట్‌ను తెచ్చి దాని పక్కన పెట్టాడు. అదే తాడు. అదే ముడి. కాల్చిన చివర్లు కూడా అలాగే ఉన్నాయి. పోయిన నెల తను బండికెత్తిన నలభైకీ ఇదే పిడి.

జేబులో ఫోన్ మోగింది. అసర్ నమాజ్ అయ్యాక కఫీల్ రోజూ చేసే ఫోనే, రోజూ అడిగే మాటే.

“ఏం నాగీందర్,” వచ్చీరాని ఉర్దూలో అడిగాడు కఫీల్, “ఈరోజైనా ఏమన్నా అమ్మావా, లేదా?”

“అమ్మాను షేక్,” పచ్చతాడును పిడికిట్లో బిగించి అన్నాడు నాగేందర్. “రెండు బ్లాంకెట్లు. ఎస్కలేటర్ పక్కన, నీ కొత్త దుకాణంలో.”