రెండుసార్లు ఒకే పేరు

సముద్రం మీది పొగమంచు కొండ మీదికి పాకింది. సమాధుల తోట పాలలో మునిగినట్టుంది.

తెగిద్ సున్నపు బకెట్‌తో గేటు తీశాడు. రేపు పూల ఆదివారం. భార్య మొర్విద్ పోయాక ఇదే మొదటిది.

ఆ రోజుకి ఎవరి సమాధిని వాళ్ల అయినవాళ్లే కడిగి, సున్నం వేసి, పూలు పెట్టాలి. పరాయి చెయ్యి తగలకూడదు.

పిల్లలు లేరు. తను పోతే తన సమాధి రాయి కడిగే దిక్కు లేదన్నదే ఆయన దిగులు. మొర్విద్ బతికున్నన్నాళ్లూ ఆ దిగులంతా ఆమె మీదే కక్కాడు.

మంచులో మొర్విద్ రాయి దగ్గర ఎవరో వంగి ఉన్నారు.

రాయి అప్పటికే కడిగి ఉంది. చుట్టూ పసుపు ముద్దల్లా డాఫొడిల్ పూలు.

"ఏయ్! ఎవరయ్యా నువ్వు?"

యాభై ఏళ్ల మనిషి లేచి టోపీ తీశాడు. "గెథిన్ అండి."

"ఏ గెథిన్?"

"గెథిన్ గెథిన్."

తెగిద్ నవ్వాడు. "పేరు పక్కన అయ్య పేరు పెట్టుకుంటారు గానీ, అద్దంలో చూసుకుని పెట్టుకుంటారటయ్యా?"

"అయ్య పేరు చెప్పినవాళ్లు లేరండి. పేరుకీ, అయ్య పేరుకీ రెండు చోట్లా ఇదే రాశారు."

"మరి ఈవిడ నీకేమవుతుంది?"

అతను రాయి వైపు చూశాడు. "అది ఆవిడ చెప్పాలండి."

తెగిద్ చర్చిలో పెద్దల బెంచీ మీద కూర్చునే మనిషి. ఒళ్లు మండింది.

"అయ్యెవరో తెలియనివాడివి, నా ఇంటిదాని రాయి ముట్టుకుంటావా? తీసెయ్ ఆ పూలు!"

"రేపటి దాకా ఉండనివ్వండి. పూలే కదా."

తెగిద్ వాటిని దోసిళ్లతో ఎత్తి గోడవతల పారేశాడు.

అతను టోపీ పెట్టుకున్నాడు. "మీరైనా పెట్టండి. ఆవిడకి అదే చాలు."

మంచు అతన్ని మెల్లగా మింగేసింది. కింద ఎక్కడో బస్సు కదిలిన చప్పుడు.

అప్పుడొచ్చింది మరదలు లౌరి, ఒగురుస్తూ.

"బావా, దారిలో ఒకతను ఎదురయ్యాడు. అచ్చం మా అక్క నడకే! ఎవరూ?"

"ఎవడో దిక్కులేనివాడు. గెథిన్ గెథిన్ అట! తరిమేశాను."

లౌరి గోడవతల పడున్న పూల వైపు చూసింది.

"వాడు అక్క కన్నబిడ్డ బావా. మీ పెళ్లికి ముందు, నువ్వు ఓడెక్కి వెళ్లిపోయిన ఏడు, పట్నంలో కని ఇచ్చేసింది."

తెగిద్ ఆమె మీదికి ఒక అడుగు వేశాడు.

"ఎవడికి కన్నది?"

"తండ్రి పేరు బయటపడితే చర్చి అతన్నీ వెలివేస్తుందని నోరు విప్పలేదు. బిడ్డ పేరే రెండుసార్లు రాయించింది. నాచేత ఒట్టు వేయించుకుంది."

"ఎవడని అడుగుతున్నా!"

లౌరి గోడవతలకి వంగి, అందిన పూలు ఒక్కొక్కటే ఏరుతూ తలెత్తకుండా అంది:

"ఆ రెండో చోట ఉండాల్సింది నీ పేరే, బావా."