రాజుగారి దగ్గు

ఈ ఒక్కపూట దగ్గు రాకూడదు.

రాజుగారు అద్దం ముందు నిలబడి గొంతు తడిమి చూసుకున్నాడు. లోపల ఎక్కడో చీమ పాకుతున్నట్టుంది. ఉప్పు నీళ్ళు పుక్కిలించాడు. తేనె చప్పరించాడు. చీమ మాత్రం చోటు వదల్లేదు.

ఆయన నిజంగా రాజేం కాదు. వారం వారం టీవీలో వచ్చే సీరియల్లో రాజు. రెక్కల సర్పాలు, మంత్రాల కత్తులు, సింహాసనం కోసం కొట్టుకునే అక్కాతమ్ముళ్ళు. ఆ ఇద్దరికీ తండ్రి. వాళ్ళ యుద్ధం ఎన్నాళ్ళు సాగితే ఆయనకు అన్నాళ్ళు పని. వారసులెవరో తేలిన రోజున ఆయన పాత్రకు మంగళం పాడేస్తారు.

అంతకుముందు ఆయన్ని రాజుగారని పిలిచినవాళ్ళు లేరు. స్టేజీ నాటకాలు ఆగిపోయాక, ఇంకో పని చేతకాక, భార్యను వెంటబెట్టుకుని బావమరిది ఇంట్లో పైగదిలో చేరాడు. "బావగారికి ఇవాళ కూడా తీరికేనా?" అని బావమరిది నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు వినపడితే చాలు, భార్య సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకునేది.

ఇప్పుడు అదే బావమరిది ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "మా బావ. సీరియల్లో రాజు" అని చెప్పుకుంటున్నాడు. భార్య రెండోసారి వడ్డించుకుంటోంది.

"పోనీ, ఒంట్లో బాగాలేదని చెప్పకూడదూ?" అంది ఆమె, ఆయన మెడకు మఫ్లర్ చుడుతూ.

"చెప్తే ఇంకొకణ్ణి పెట్టేస్తారే. సిద్ధం చేసి ఉంచుకున్నారు కూడా."

ఆమె మఫ్లర్ ముడి బిగించింది.

"అయితే బిగబట్టుకోండి. మా తమ్ముడు మళ్ళీ అలా నవ్వితే నా వల్ల కాదు."

గేటు దగ్గర ఇస్త్రీ అతను అటకాయించాడు. "రాజుగారూ, రాజ్యం అమ్మాయికా, అబ్బాయికా? మా ఇంట్లో పందేలు కాసుకుంటున్నాం."

"నా చేతిలో ఏముందయ్యా?"

"అదీ నిజమేలెండి!"

వెనక నుంచి బావమరిది గొంతు. "ఏంటి బావా, మెడకా చుట్టలు? రాజుకు జలుబు చేస్తే రాజ్యమంతా తుమ్ముతుందిట, జాగ్రత్త!"

రాజుగారు వెనక్కి తిరక్కుండా బస్సెక్కాడు. నోరు తెరిస్తే దగ్గు వచ్చేలా ఉంది.

మేకప్ అతను ఆయన్ని చూడగానే సంబరపడ్డాడు. "ముఖం భలే పాలిపోయింది బాబాయ్! నాకు సగం పని తగ్గించావు." గడ్డం అతికించాడు. కిరీటం సర్దాడు. రాజుగారు దొంగచాటుగా దగ్గుబిళ్ళ బుగ్గన పెట్టుకోబోతే చటుక్కున లాక్కున్నాడు. "దగ్గర నుంచి తీస్తారివాళ. బుగ్గ ఉబ్బి కనపడితే నన్ను తంతారు."

ఈ పాత్రలో మొదటిరోజే డైరెక్టరు ఆయన్ని మెచ్చుకున్నాడు. "ఇంత నిబ్బరమున్న మనిషిని నేను చూడలేదు. పక్కన పిడుగు పడ్డా చలించడు" అన్నాడు. ఆ మాట ఇంటికెళ్ళి భార్యకు ఎన్నిసార్లు చెప్పాడో. కానీ పోయినసారి చిన్న తుమ్ము వచ్చింది. ఆపుకోలేకపోయాడు. పొగలు, గుర్రాలు, వందల మంది సైనికులు, అన్నీ మళ్ళీ మొదటి నుంచీ.

మేనేజరు అది మర్చిపోలేదు.

"ఇవాళ ఏ కాస్త తేడా వచ్చినా మీ బదులు వాడే. స్టోర్‌రూములో రెడీగా ఉన్నాడు. అచ్చం మీలాగే ఉంటాడు. భోజనం అడగడు, బస్సు చార్జీలు అడగడు, చచ్చినా తుమ్మడు."

"కొత్తలో అందరూ అలాగే ఉంటారు బాబూ" అన్నాడు రాజుగారు.

మేనేజరు పగలబడి నవ్వాడు.

కోటలో దీపాలు వెలిగాయి. పొగ మిషను బుసకొట్టింది. రాజుగారి గొంతులో ఒక్క చీమ కాస్తా పుట్టెడు చీమలయింది.

"యాక్షన్!"

అక్క ఒక పక్క, తమ్ముడు ఒక పక్క. మధ్యలో ఆయన. అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"మేమిద్దరం నీ పిల్లలమే కదా నాన్నా. ఒక్క మాట చెప్పకపోయావా, రాజ్యం ఎవరిదో!"

రాజుగారు పలకలేదు. ఆ సన్నివేశంలో ఆయనకు మాటల్లేవు.

"ఆయన్నెందుకు అడుగుతావక్కా? ఎప్పుడు తేల్చి చెప్పాడు గనక!" తమ్ముడు కత్తి దూశాడు.

దగ్గు పొట్టలో పుట్టింది. ఛాతీలోకి పాకింది. గొంతు తలుపు దబదబా బాదింది. రాజుగారు ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డంత పని చేశాడు. చెవుల్లో హోరు. పట్టుబట్టల కింద కాలివేళ్ళు కొంకర్లు పోయాయి. కత్తులు ఖణేల్‌మంటున్నాయి. రెక్కల సర్పం వచ్చినట్టు గాలి ఫ్యాన్లు తిరిగాయి. పొగంతా ఆయన ముక్కు మీదికే.

భార్య కంచం గుర్తొచ్చింది. రెండోసారి గరిటె అందుకునే ఆమె చెయ్యి గుర్తొచ్చింది.

పళ్ళు బిగించాడు. దగ్గలేదు.

కత్తులు ఆగాయి. ఫ్యాన్లు ఆగాయి. దగ్గు ఓడిపోయిన సైన్యంలా వెనక్కి, లోలోపలికి, జారుకుంది. ఇన్నాళ్ళ ఈ యుద్ధంలో గెలిచిన మొదటి మనిషి తనేనని రాజుగారికి అనిపించింది.

"కట్! అంతా బ్రహ్మాండంగా వచ్చింది గానీ, ఆ శవం ఏడుస్తోంది, లేపేసి స్టోర్‌రూములోని రబ్బరు బొమ్మను తెచ్చి పడుకోబెట్టండి" అని మైకులో అరిచాడు డైరెక్టరు.