గొలుసులు బిగించినవాడు

జీపు మూడోసారి కూడా వెనక్కి జారింది.

ఈసారి వెనక చక్రం లోయ అంచుకి జానెడు దూరంలో ఆగింది. తిబేరియు హ్యాండ్ బ్రేకు లాగి, గుండె చిక్కబట్టుకుని కిందికి దిగాడు.

ముందు సీట్లో ఎర్ర సిలువ గుర్తున్న మందుల పెట్టె. వెనక, కొన్నప్పటినుంచీ సంచి విప్పని, మంచులో జారకుండా వేసే టైరు గొలుసులు.

వలేని అనే ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు పైన. మంచు బరువుకి గొర్రెల కొట్టం కప్పు కూలి, చెల్లెలు సవేతా దాని కింద చిక్కుకుపోయిందని పొద్దున పక్కింటామె ఫోన్ చేసింది. "బయటికి తీశారు, బతికే ఉంది, మందులు పట్టుకుని రా" అనేలోపే లైను తెగింది. మళ్లీ కలవలేదు.

తిబేరియుకి క్లూజ్ నగరంలో మందుల షాపు. తెల్లకోటు మీద చుక్క మరక పడితే మార్చుకునే మనిషి. సంచి బోర్లిస్తే ఇనుప చిక్కు ఒకటి మంచులో పడింది. ఏది లోపలి వైపో, ఏది బయటి వైపో తెలియలేదు. ఏదో ఒకటని చక్రం మీద పరిచాడు.

"మెలిపడింది సారూ. అలా వేస్తే నాలుగు గజాలకే తెగుద్ది."

మాట వెనకే వాసన వచ్చింది.

గొర్రె పేడ, నెత్తురు, వాటి మీద పాలింక సారా. పైనుంచి తూలుతూ దిగి వచ్చాడు ఆ మనిషి. మీసాల్లో చీమిడి గడ్డకట్టి ఉంది. రెండు చేతులకీ మురికి గుడ్డపేలికలు.

 తిబేరియు కోటు కాలరు ముక్కు మీదికి లాక్కున్నాడు.

"పైకేనా? ఎవరింటికి?"

"నీకెందుకు?"

"ఊరికే అడిగా. నాలుగు చక్రాలకీ వెయ్యాలి. వెనక రెండిటికే వేస్తే, దిగేటప్పుడు ముందు చక్రాలు మీ మాట వినవు."

చెప్పి, ఊ అనక ముందే మంచులో వెల్లకిలా పడుకున్నాడు. మెలికలు తీసి గొలుసు కప్పాడు. భుజం దాకా చెయ్యి చక్రం వెనక్కి దూర్చి లోపలి కొక్కెం తగిలించాడు. వేళ్లు వంగడం లేదు. మణికట్లతో లాగాడు. బయటి కొక్కేన్ని పళ్లతో పట్టి బిగించాడు. చలికి పెదవి ఇనుముకి అంటుకుని చిట్లింది. తుపుక్కున ఉమ్మేశాడు.

ఆ ఎర్రటి ఉమ్మి వచ్చి తిబేరియు బూటు పక్కన పడింది.

"ఛీ! ఇటు కాదు!"

"చూళ్లేదు సారూ. కొంచెం ముందుకి పోనివ్వండి. ఊఁ, ఊఁ... చాలు! ఇంకోసారి బిగిస్తే ఇక ఊడదు."

"తొందరగా కానియ్."

"కానిస్తున్నా. చేతులు చెప్పినట్టు వినట్లా."

పీకల దాకా తాగితే ఎందుకు వింటాయి, అనుకున్నాడు తిబేరియు.

నాలుగోది పూర్తయ్యేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ మనిషి తలుపు పట్టుకుని లేచాడు. అద్దంలోంచి లోపలికి చూశాడు. చూపు పెట్టె మీద ఆగింది.

"మందులాయన మీరేనా సారూ?"

షాపుకొచ్చే తాగుబోతులు రోజూ ఇలాగే మొదలుపెడతారు. మందులాయనా, ఒళ్లు నొప్పులు, మందులాయనా, ఒక్క స్పిరిట్ సీసా.

"కాదు," అన్నాడు తిబేరియు.

"మరి పెట్టె..."

"కాదన్నానా! అది వేరేవాళ్లది."

ఆ మనిషి దారి కిందికి చూశాడు. కనుచూపు మేర ఇంకో బండి లేదు.

"రెండు నిమిషాలు లోపల కూర్చోనిస్తారా? హీటరు దగ్గర చేతులు కాచుకుని పోతా."

"సీట్లు కొత్తవి."

"అదీ నిజమేలెండి. నా కంపు నాకే పడట్లా." నవ్వబోయాడు, పెదవి మండి ఆగిపోయాడు. "మలుపుల్లో బ్రేకు తొక్కకండి."

చేతులు చంకల్లో ఇరికించుకుని కిందికి నడిచాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి, తిబేరియు పెట్టెలోంచి స్పిరిట్, దూది తీశాడు. అతను పట్టుకున్న తలుపు పిడిని రెండుసార్లు తుడిచాడు. ఆ దూదిని కొసవేళ్లతో లోయలోకి విసిరాడు.

గొలుసులు మంచుని కరిచి పట్టుకున్నాయి. జీపు ఎక్కడా జారలేదు.

సవేతా పొయ్యి పక్కన మంచం మీద కూర్చుని ఉంది. చెంప మీద గీరు, మడమకి కట్టు. అంతకంటే ఏమీ లేదు.

తిబేరియుకి ప్రాణం లేచొచ్చింది. "దారంతా జారుడే," అంటూ పెట్టె తెరిచాడు. "పైగా ఒక తాగుబోతు వెధవ తగిలాడు. ఆ కంపుకి ఇంకా వాంతి వచ్చేలా ఉంది."

సవేతా ఆ మాట పట్టించుకోలేదు. "నాకేం కాలేదన్నయ్యా. ఆయన్ని ఆస్పత్రిలో దింపి వచ్చావా? అందుకేనా ఇంత ఆలస్యం?"

"ఎవర్ని?"

"నన్ను తీసినాయన్ని! కొండ దాటి పనికి పోతున్నాడట, కొట్టం కూలడం చూసి పరిగెత్తుకొచ్చాడు. నా మీద ఎనిమిది గొర్రెలు చచ్చి పడ్డాయి. పారతో తవ్వితే నాకు తగులుతుందని మూడు గంటలు వట్టి చేతులతోనే తవ్వాడు. వేళ్లు తెల్లగా కొయ్యబారిపోయాయి. ఏం చెయ్యాలో తెలీక సారా పోసి గుడ్డలు చుట్టాం."

తిబేరియు చెయ్యి పెట్టె మూత మీదే ఉండిపోయింది.

"పేరేంటి?" అన్నాడు.

"అడగనే లేదు. రెండు గంటలు నీ కోసం చూశాడు, ఇంకా ఆగితే వేళ్లు పోతాయేమోనని భయపడ్డాడు, అందుకే నేనే పంపాను. కిందికి నడవండి, జీపు ఎదురొస్తుంది, 'మందులాయన మీరేనా' అని ఒక్క మాట అడగండి చాలు, మా అన్నయ్య మిమ్మల్ని ఎత్తుకునైనా ఆస్పత్రికి తీసుకెళ్తాడు అని చెప్పాను."